మరల పడినవాడు

సంఘము ఎదుట లేచి, ఇక త్రాగనని ప్రమాణము చేసిన ఒకడు ఆరు మాసములు ఆ మాట నిలుపుకొని ఏడవ మాసమున మరల త్రాగెననుకొనుడి. అతని మారుమనస్సు మొదటినుండియు అబద్ధమేనా? మన గ్రామ సంఘములలో ఈ ప్రశ్నకు తీర్పు మిక్కిలి త్వరగా వచ్చును. "వాడు అప్పుడే నటించెను" అందురు. భార్యయు అట్లే తలంచును. ఆమెను తప్పుపట్టలేము, దెబ్బలు తిన్నది ఆమె గదా.

అయినను నేనా తీర్పును అంగీకరింపను. మొదటి గ్లాసును మనుష్యుడే ఎత్తుకొనును, నిజమే. ఏండ్లు గడచిన పిమ్మట త్రాగుడు శరీరమును పట్టిన రోగమగును. దినదినము విస్తారముగా త్రాగినవాడు ఉన్నట్టుండి మానినయెడల రెండు మూడు దినములలో చేతులు వణకును, నిద్ర పట్టదు; కొందరికి మూర్ఛలు వచ్చును, లేనివి కంటికి కనబడును. ప్రాణమునకే ముప్పు కలుగవచ్చును. ఇది చూచి దయ్యము పట్టెనని తలంచి గదిలో వేసి తాళము పెట్టువారున్నారు. అట్టివానిని వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ప్రార్థన ఆసుపత్రి మంచము ప్రక్కను కూడ చేయవచ్చును.

శరీరము తేరినను పని ముగియలేదు. అపవిత్రాత్మ విడిచిపోయిన ఇంటినిగూర్చి ప్రభువు చెప్పిన ఉపమానము మీరెరుగుదురు. ఇల్లు ఊడ్చబడెను, అమర్చబడెను, గాని ఖాళీగా నుండెను. మన రాష్ట్రమునకును అట్టిదే జరిగెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు అక్షరములు నేర్చుకొని, సారా కొట్టుకు ఎదురు తిరిగిరి. ఆ ఉద్యమము ఊరూర వ్యాపించెను. 1993 అక్టోబరు 1న సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలింపబడెను. ఆ తల్లులు చేసినది గొప్ప కార్యము, నేను దానిని తక్కువ చేయను. చట్టము కొట్టును మూయగలదు గాని, సాయంకాలము ఆరు గంటలకు పుట్టు దాహమును మూయలేదు.

1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణమున ఇద్దరు త్రాగుబోతులు కలిసికొనిరి. ఒకడు షేర్ల వ్యాపారి, మరియొకడు వైద్యుడు. వారి సహవాసమునుండి ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టెను. జన్మమంతయు త్రాగనని వారు ఒట్టు పెట్టుకొనరు; ఈ ఒక్క దినము త్రాగకుందుమని ఒకరికొకరు తోడుగా నిలుతురు. అరణ్యములో మన్నాను రేపటికి దాచుకొన్నవారికి ఏమాయెనో జ్ఞాపకము తెచ్చుకొనుడి. నిన్నటి ప్రమాణము నిన్నటి మన్నావంటిది. ఈ దినము అతడు కూర్చుకొననందున నిన్న తిన్నది అబద్ధమగునా? రేపు ఉదయమున అతడు మరల గంపతో బయలుదేరవలెను.

అయితే ఒంటరిగా బయలుదేరుట కష్టము. మార్కాపురములో పలకల పని చేయువాడు గాని, గిద్దలూరు ప్రక్క కూలికి పోవువాడు గాని, శనివారము బట్వాడా అందుకొని ఇంటికి నడచు త్రోవలోనే దుకాణమున్నది. ఆ త్రోవలో అతనితో ఎవరు నడచుచున్నారు? సాక్ష్యము చెప్పినప్పుడు చప్పట్లు కొట్టినవారు అనేకులు. శనివారమునాడు ఒక్క పెద్దయైనను అతని ప్రక్కను కనబడడు. పెండ్లి విందులో "ఒక్క గుక్కే, బావా" అని గ్లాసు చేతికిచ్చు బావమరిదియు ఆదివారమున అదే చాపమీద అతని ప్రక్కనే కూర్చుండును.