అందానికి వెల ఎవరు చెల్లించాలి?



పాము అనగానే కర్ర వెదికేవారమే మనలో ఎక్కువమంది. అటువంటి పాముకు అన్యాయం జరుగుచున్నదా అని అడుగుట కొందరికి వింతగా తోచవచ్చును. అయినను ఈ ప్రశ్నను మీ ముందుంచుచున్నాము. ముద్దుగా కనిపించే ప్రాణి మీద జాలిపడుట అందరికీ సులభమే. మనకు నచ్చని ప్రాణి విషయంలోనే మన న్యాయబుద్ధి ఎంతటిదో తేలుతుంది.

ముందుగా సంగతి ఏమిటో చూద్దాము. పశ్చిమ ఆఫ్రికాలోని ఘనా, టోగో, బెనిన్ మొదలైన దేశాలలో బాల్ పైథాన్ అనే చిన్న కొండచిలువ కలదు. పొడవు మూడు నాలుగు అడుగులు. విషం లేదు. భయపడితే తలను లోపల దాచుకొని బంతివలె చుట్టుకొంటుంది. అందుకే ఆ పేరు. సాధు స్వభావం గలది కనుక అమెరికా, ఐరోపా దేశాలలో చాలామంది దీనిని ఇండ్లలో పెట్టెలలో పెంచుకొనుచున్నారు. దాని సహజమైన రంగు గోధుమ, నలుపు కలిసినది. ఎప్పుడో ఒకసారి జన్యువులో మార్పు వచ్చి వేరే రంగు పిల్ల పుడుతుంది. 1992లో అమెరికాలో ఒక పెంపకందారుడు తెలుపు, పసుపు రంగుల అల్బినో పిల్లలను తన వద్దనే పుట్టించినాడు. అక్కడనుండి కొత్త రంగుల కొరకు పోటీ పెరిగినది. ఒక రకాన్ని మరొక రకంతో కలిపి వేలకొలది రకాలు తయారుచేసినారు. మొదట్లో కొత్త రకం పాము ఒక్కటి వేల డాలర్లు పలికేది.

ఆ రకాలలో ఒకదాని పేరు స్పైడర్. ఆఫ్రికా నుండి తెచ్చిన ఒక పాము సంతతి ఇది. ఈ లక్షణం పిల్లలకు సంక్రమిస్తుందని 1999లో తెలిసినది. ఒంటి మీద సన్నని నల్లగీతలు సాలెగూడువలె అల్లుకొని ఉంటాయి. చూపులకు నిజంగా అందమైనదే. కాని ఆ గీతలతోపాటు మరొకటి కూడా వచ్చినది. ఈ పాముల తల వణకుతుంది. కొన్నింటికి కొద్దిగా, కొన్నింటికి విపరీతంగా. మెడ మెలితిరిగి తల తలక్రిందులవుతుంది. వెల్లకిలా పడితే తిరిగి సరిగా బోర్లపడుటకు తడుముకొంటుంది. ఎరను కాటువేయబోయి గురి తప్పుతుంది.

దీనికి కారణమేమి? 2022లో జర్మనీ పరిశోధకులు స్కానింగ్ ద్వారా ఈ పాముల లోపలి చెవిని పరీక్షించినారు. మనకైనా పాముకైనా శరీరం తూకం తప్పకుండా చూచేవి లోపలి చెవిలోని అర్ధవలయ నాళాలు, వాటి ప్రక్కనున్న చిన్న తిత్తి. స్పైడర్ పాములలో ఆ నాళాలు, ఆ తిత్తి వికృతంగా ఏర్పడియున్నవని వారు కనుగొన్నారు. రంగునిచ్చే కణాలకు, చెవిలోని కొన్ని కణాలకు పిండదశలో మూలం ఒక్కటే. కావున రంగును మార్చిన మార్పు చెవిని కూడా తాకుట ఆశ్చర్యం కాదు. నీలికళ్ళ తెల్లపిల్లులలో చాలావాటికి చెవుడు ఉండుట కూడా ఇటువంటిదే.

తరగతిలో చెప్పే విధంగా ఇంకొక్క మాట చెప్పనివ్వండి. పిల్లకు తల్లి నుండి ఒక జన్యువు, తండ్రి నుండి ఒక జన్యువు వచ్చును. స్పైడర్ లక్షణానికి రెంటిలో ఒక్కటి చాలు. స్పైడరును మామూలు పాముతో జతపరిస్తే ఆరు గుడ్లలో సుమారు మూడు స్పైడర్ పిల్లలగును. గీతలు మంచివే, వణకు మాత్రం వద్దు అని ఏరివేయుటకు పెంపకందారులు ఇరవై ఏండ్లకు పైగా ప్రయత్నించినారు. సాధ్యం కాలేదు. నాణేనికి బొమ్మ ఎటు ఉంటే బొరుసు దాని వెనుకనే ఉంటుంది.

ఇప్పుడు పెంపకందారుల వాదన వినుట న్యాయం. "ఇవి బాగానే తింటున్నవి, పెరుగుచున్నవి, గుడ్లు పెట్టుచున్నవి. అడవిలోనైతే ఈ పాము ఎప్పుడో చచ్చేది. మా పెట్టెలో ఏండ్ల తరబడి బ్రతుకుచున్నది. బాధపడుచున్నదని మీకెవరు చెప్పినారు?" అని వారు అడుగుదురు.

పాము మూలుగదు, కన్నీరు కార్చదు. దాని బాధను కొలుచుట కష్టమే. అయితే తినుట, పిల్లలను కనుట సుఖానికి సాక్ష్యాలు కావు. జ్వరంతోనే కూలికి పోయి, ఇంటికి వచ్చి వండుకొని తినే మనుష్యులను మనమెరుగుదుము; వారికి జ్వరం లేదని అనగలమా? పైగా పాము బ్రతుకంతా ప్రాకుట, గురిచూచి పట్టుట, తలను నిలకడగా పెట్టి పరిసరాలను గమనించుట. ఆ మూడు పనులకూ అడ్డువచ్చే లోపం చిన్నదని ఎట్లనగలము? సంగతి రూఢిగా తెలియనప్పుడు అనుమానం యొక్క లాభం ఎవరికి చెందవలెను? ముచ్చట తీరని మనిషి నష్టపోయేది కొంచెమే. తప్పించుకొనలేని ప్రాణి నష్టపోయేది దాని బ్రతుకంతా.

ఇంతకంటె కఠినమైన వాదన మరొకటి కలదు. "మేము జతపరచకపోతే ఈ పాము పుట్టేదే కాదు. వణకే బ్రతుకైనా బ్రతుకే గదా! పుట్టకపోవుట కంటె పుట్టుట మేలు కాదా?" ఇది వినుటకు చిక్కుముడివలె ఉన్నది. విప్పి చూస్తే, పుట్టని పాము గుమ్మం ముందర నిలబడి నన్ను పుట్టించమని ఎవరినీ అడుగుట లేదు. దానిని పుట్టించకపోయినందున ఎవరికీ అన్యాయం జరుగదు. పెంపకందారుని ఎదుట రెండు దారులున్నవి: ఆరోగ్యంగల పిల్లలనిచ్చే జంట ఒకటి, సగం పిల్లలకు తల వణకే జంట మరొకటి. ఫలితం ముందే తెలిసియుండి రెండవదానిని ఎన్నుకొన్నాడు, ఆ గీతలకు ధర వచ్చును గనుక. కావున మనము తూచవలసినది ఆ పాము బ్రతుకు విలువను కాదు, అతని ఎంపికను.

ఇక్కడ ఒక అపార్థం రాకూడదు. అట్లయితే అంగవైకల్యముతో పుట్టిన బిడ్డల విషయమేమి అని ఎవరైనా అడుగవచ్చును. ఈ రెండూ ఒక త్రాసులో పెట్టదగినవి కావు. బిడ్డ ఎట్లు పుట్టినను తల్లిదండ్రులు చేతులు చాచి అందుకొందురు. ఎవరూ లోపమును కోరి, దానికి వెలకట్టి, అమ్మకం కొరకు కనరు. అట్లే ఇప్పటికే పుట్టిన స్పైడర్ పామును దగ్గర పెట్టుకొని, ఓపికతో తిండి పెట్టి చూచుకొనేవాడు చేయునది దయగల పనియే. దానితో మరల గుడ్లు పెట్టించుట మాత్రమే వేరు సంగతి.

దూరదేశపు వారిని తప్పుపట్టుట సులభము గనుక మన ఇంటివైపు కూడా చూచుకొందాము. మన దేశంలోనే లోటన్ అను పావురాల జాతి తరతరాలుగా కలదు. చేతిలో ఊపి నేల మీద విడిచిపెట్టితే, ఎవరైనా ఎత్తి పట్టుకొని నెమ్మదిపరచేవరకు అది పల్టీలు కొట్టుచునే ఉండును. డార్విన్ తన 1868 నాటి గ్రంథంలో దీనిని వర్ణించినాడు. వినోదమని చూచేవారికి అది ఆటే. ఇక మనము తినే బ్రాయిలర్ కోడి! అయిదారు వారాలలో రెండు కిలోలు తూగునట్లు ఎంపిక చేసి పెంచిన ఆ పక్షికి కాళ్ళు దాని బరువును మోయలేకపోవుట పౌల్ట్రీ వారందరికీ తెలిసిన సంగతే. ఆహారము అవసరము, అలంకారము ముచ్చట. రెండూ సమానం కావని చెప్పవచ్చును. నిజమే. అయినను పాము విషయంలో తీర్పు చెప్పిన నోటితోనే మన పళ్ళెము గూర్చి కూడా ఒక ప్రశ్న వేసుకొనక తప్పదు.

ఎంపిక చేసి పెంచుటే తప్పు అని మేము అనుట లేదు. ఒంగోలు గిత్త అట్టి ఎంపిక వలననే వచ్చినది. మన కోస్తా రైతులు బలమును, ఎండకు ఓర్చుకొనే గుణమును చూచి తరతరాలుగా పెంచిన ఆ పశువులు బ్రెజిల్ దేశానికి పోయి, అక్కడ నెల్లూరు పేరుమీద నెలోర్ అని పిలువబడుచున్నవి. అక్కడ రైతుకు కావలసిన బలము పశువుకు కూడా మేలే చేసినది. పాములలో కూడా అల్బినో వంటి రకాలకు ఈ తల వణకు లేదు. కావున కొలత వింతదనము కాదు. ఆ లక్షణము ఎవరికి మేలు, దాని వెల ఎవరు చెల్లించుచున్నారు అనునదే కొలత.

సర్పము శాపగ్రస్తమైనది గదా, దాని మీద జాలి ఎందుకు అనేవారు మన సంఘాలలో ఉండవచ్చును. ఆదికాండము దానిని సృష్టిలోని జీవులలోనే లెక్కించినది. ప్రాణుల మీద మనకు ఇవ్వబడినది ఏలుబడి. ఏలుబడి చేయువాడు తన క్రింది వారి మేలు గూర్చి లెక్క అప్పగించవలసినవాడే.

ఇదంతా మనకు దూరపు సంగతి కూడా కాదు. 2023 సెప్టెంబరులో బ్యాంకాక్ నుండి వచ్చిన సామానులో 55 బాల్ పైథాన్లను, 17 రాచనాగులను బెంగుళూరు విమానాశ్రయంలో కస్టమ్స్ వారు పట్టుకొన్నారు. అదే సామానులో ఆరు కాపుచిన్ కోతులు చచ్చి ఉన్నవి. మద్రాసు విమానాశ్రయంలో కూడా ఇట్టివి పలుమార్లు పట్టుబడినవి. అనగా కొనేవారు మన పట్టణాలలో ఉన్నారన్నమాట. మన దేశపు పాములను పట్టి పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారం నేరము. విదేశీ రకాలను పెంచేవారు 2024 నిబంధనల ప్రకారం నమోదు చేయించుకొనవలెను.

చట్టం నమోదును అడుగుతుంది. తల వణకుచున్నదా అని అడుగదు. ఆ ప్రశ్న మనము అడుగవలసినదే. మన యువకులు పామునో, చేపనో, ముక్కు అణగిపోయి ఊపిరి కొరకు అవస్థపడే కుక్కపిల్లనో కొనుటకు ముచ్చటపడినప్పుడు పెద్దలు కోపపడక ఇంతమాత్రం అడిగించండి: "ఈ అందము కొరకు దీని శరీరంలో ఏది చెడినది?" అమ్మేవాడు సూటిగా జవాబు చెప్పలేకపోతే డబ్బు జేబులోనే ఉంచుకొని రావచ్చును. కొనేవాడు లేనప్పుడు ఆ గుడ్లు పెట్టించేవాడు కూడా ఉండడు.