దీర్ఘం కాని దీర్ఘచతురస్రం

చతురస్రం కూడా దీర్ఘచతురస్రమేనా? మనలో చాలామంది ఠక్కున అవుననేస్తాం. ఎందుకు అంటే, నాలుగూ లంబకోణాలు, ఎదుటి భుజాలు సమానం, నిర్వచనం అదేగా అంటాం. ఆ నిర్వచనం ఎవరు పెట్టారు, అలాగే ఎందుకు పెట్టారు అని ఎవరూ అడగరు కాబట్టి బతికిపోతాం.

మా అక్క కూతురు ఆరో తరగతి. వాళ్ళది రెండు భాషల పుస్తకం, ఒక పేజీ ఇంగ్లిషు, ఎదురు పేజీ తెలుగు. పరీక్షలో ఈ వాక్యం ఇచ్చి తప్పో ఒప్పో రాయమన్నారు. తప్పు అని రాసింది, మార్కు పోయింది. "దీర్ఘం అంటే పొడుగే కదా పిన్నీ, చతురస్రం పొడుగ్గా ఎక్కడుంది?" అని నన్నడిగింది.

పిల్ల భాషని సరిగ్గానే చదివింది. రెక్టాంగిల్ అన్న మాట లంబకోణం గురించి మాత్రమే చెబుతుంది, పొడవు ఊసెత్తదు. మన మాటలో పొడవు ముందే వచ్చి కూర్చుంది. పొడుగు కానిదాన్ని పొడుగు అనమని మనమే అడుగుతున్నాం. (పారిభాషిక పదాల కమిటీల్లో ఒక్క పదకొండేళ్ళ పిల్లనైనా కూర్చోబెట్టాలి.)

భాష ఒక్కటే కాదు, చరిత్ర కూడా ఆ పిల్ల వైపే ఉంది. యూక్లిడ్ 'ఎలిమెంట్స్' మొదటి పుస్తకంలో 22వ నిర్వచనం చూడండి. నాలుగు భుజాలూ సమానమై, కోణాలన్నీ లంబకోణాలైతే చతురస్రం. లంబకోణాలుండి భుజాలన్నీ సమానం కాకపోతే అది వేరే ఆకారం, దానికి వేరే పేరు. ఆయన లెక్కలో చతురస్రం దీర్ఘచతురస్రం కాదు. బౌధాయన శుల్బసూత్రాల్లోనూ చతురస్రపు కర్ణం మీద గీసిన చతురస్రం రెట్టింపు వైశాల్యంతో వస్తుందని ఒక సూత్రం, దీర్ఘచతురస్రపు కర్ణం గురించి ఇంకో సూత్రం. మనమైతే మొదటిది రెండోదాంట్లోనే ఉందిగా అంటాం. అక్కడ రెండింటినీ విడివిడిగానే చెప్పారు. యూక్లిడ్ ఆ పరీక్ష రాసినా మార్కు పోయేదే.

1957లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో ఇద్దరు బడి టీచర్లు, భార్యాభర్తలు, జ్యామితి బోధన మీదే చెరొక పరిశోధన వ్యాసం సమర్పించారు. దీనా వాన్ హీలే-గెల్డోఫ్, పియెర్ వాన్ హీలే. ఆ తర్వాత కొద్దికాలానికే దీనా చనిపోయింది. పిల్లల జ్యామితి ఆలోచన మెట్లుమెట్లుగా ఎదుగుతుందని వాళ్ళు చెప్పారు. మొదట ఆకారాన్ని మొత్తంగా పోల్చుకుంటారు: ఇది తలుపులా ఉంది, ఇది క్యారమ్ బోర్డులా ఉంది. అదే బోర్డుని ఏటవాలుగా తిప్పితే డైమండ్ అంటారు. తర్వాత లక్షణాలు కనబడతాయి, భుజాలు ఎన్ని, కోణాలు ఎలాంటివి అని. ఆ లక్షణాల మధ్య సంబంధం, ఒక ఆకారం ఇంకోదాంట్లో ఇమడటం, నిర్వచనం చేసే పని, ఇవన్నీ ఆ పైమెట్టు మీద. వయసు పెరిగినంత మాత్రాన మెట్టు ఎక్కరు, బోధనే ఎక్కించాలి. వాళ్ళ మాటల్లో నన్ను పట్టుకున్నది ఇంకొకటి: ఒక్కో మెట్టుకీ ఒక్కో భాష ఉంటుంది, వేర్వేరు మెట్ల మీదున్న ఇద్దరు ఒకే పదం వాడుతూ కూడా ఒకరికొకరు అర్థం కారు. టీచరు నోట్లో దీర్ఘచతురస్రం అంటే ఒక షరతుల జాబితా, పిల్లకి అది తలుపు.

నాకు ఇక్కడ లెక్కల కంటే నీతి ప్రశ్న పెద్దదిగా కనబడుతోంది. ఏడెనిమిదులు యాభై నాలుగు అని రాసినా ఎర్రసిరాతో ఇంటూనే, దీనికీ అదే ఇంటూ. ఏడెనిమిదులు యాభై ఆరని ఎవరూ తీర్మానించలేదు, మార్చడం ఎవరి చేతిలోనూ లేదు. నిర్వచనం అలా కాదు, మనుషులు ఎంచుకున్నది. ఎంపికని సత్యంలా చూపించి, ఒప్పుకోని పిల్లకి మార్కు కొట్టేస్తే మనం చేసేది చిన్న అబద్ధమే. పైగా తనకి నిజంగా కనిపించనిదాన్ని కనిపిస్తున్నట్టు రాయమని పిల్లకీ నేర్పుతున్నాం. వచ్చేసారి ఒప్పు అని రాస్తుంది, మార్కు వస్తుంది. నాకు ఆ మార్కు మీదే ఎక్కువ బెంగ.

అయితే ఒప్పందాలు నేర్పొద్దా అంటారు. రోడ్డుకి ఎడమవైపు నడపాలన్నదీ ఒప్పందమే, పిల్లలతో చర్చించి పెట్టామా? పెట్టలేదు. కానీ ఎడమవైపు సత్యమనీ, డాలస్‌లో కారు నడుపుతున్న బాబాయి తప్పు చేస్తున్నాడనీ కూడా చెప్పలేదు.

చతురస్రాన్ని కలుపుకునే నిర్వచనమే మెరుగైనదని నేనూ అనుకుంటాను. కారణం చూపించడం పెద్ద కష్టం కాదు. గళ్ళ కాగితం మీద వెడల్పు 4 గళ్ళు, పొడవు 7 గళ్ళతో ఒకటి గీయమనండి. తర్వాత పొడవు 6, 5, 4, 3. ఐదు దగ్గర దీర్ఘచతురస్రం, నాలుగు దగ్గర కాదు, మళ్ళీ మూడు దగ్గర అవును! ప్రతిదాంట్లో రెండు కర్ణాలూ కొలిస్తే సమానంగా వస్తాయి, నాలుగు దగ్గర కూడా. దాన్ని బయటికి నెడితే ప్రతి సిద్ధాంతం చివరా 'చతురస్రానికి కూడా' అని తోక తగిలించాలి. ఇది చూశాక చాలామంది పిల్లలు తామే అభిప్రాయం మార్చుకుంటారని నా నమ్మకం. మార్చుకోకుండా, "నాలుగు దగ్గరున్నది చతురస్రం, అయితే ఏంటి?" అనే పిల్ల కూడా ఉంటుంది. ఆ పిల్ల కూడా తర్కం తప్పలేదు. పుస్తకం ఇలా ఎంచుకుంది, ఈ కారణానికి, పరీక్షలో పుస్తకం లెక్కన రాయి అని చెప్తే సరిపోతుంది. ఆ రెండు వాక్యాలకి క్లాసులో అర నిమిషం పడుతుందేమో.

ట్రెపీజియం సంగతి ఇంకా తమాషా. మనం ట్రెపీజియం అనేదాన్ని అమెరికాలో ట్రెపిజాయిడ్ అంటారు. ఒకే జత సమాంతర భుజాలు ఉండాలా, కనీసం ఒక జత ఉంటే చాలా అన్నది ఇప్పటికీ పుస్తకాన్ని బట్టి మారుతుంది. మొదటి లెక్కన సమాంతర చతుర్భుజం దాంట్లోకి రాదు, రెండో లెక్కన వస్తుంది. ఇక్కడో పిల్ల, అక్కడో పిల్ల వీడియో కాల్‌లో హోంవర్కు చూపించుకుంటూ ఒకే జవాబు రాస్తే, ఒకరికి రైటు, ఇంకొకరికి ఇంటూ పడొచ్చు.