సుత్తి క్రింద వజ్రము

తొలకరి వాన కురిసి వెలిసిన మరునాడు కర్నూలు జిల్లాలోని తుగ్గలి, జొన్నగిరి ప్రాంతములకుగాని, అనంతపురము జిల్లాలోని వజ్రకరూరుకుగాని మీరు పోయి చూచినయెడల, చేలలో మనుష్యులు వంగి నేలను వెదకుచుండుట కనబడును. వారు విత్తనము వేయుటకు వచ్చినవారు కారు. వానకు మన్ను కొట్టుకొనిపోయి పైకి తేలిన రాళ్లలో వజ్రమున్నదేమో అని వెదకుదురు. కూలి మానుకొని వచ్చినవారును, బిడ్డను చంకనెత్తుకొని వచ్చిన తల్లులును వారిలో ఉందురు. ఎప్పుడో ఒకసారి ఎవరికో నిజముగానే దొరకును. ఆ వార్త మరికొందరిని ఆ చేలకు రప్పించును.

అట్టివారిలో ఒకనికి మెరయు రాయి దొరికినదనుకొందము. అది వజ్రమో, పలుగురాతి ముక్కయో అతనికి తెలియదు. ప్రక్కనున్న పెద్దమనిషి, “బండమీద పెట్టి సుత్తితో కొట్టి చూడు. నిజమైన వజ్రమైతే పగలదు” అని ఆలోచన చెప్పును. అతడు కొట్టును. రాయి నుగ్గు నుగ్గగును. “పోనీ, ఉత్త రాయే” అని చేతులు దులుపుకొని అతడు ఇంటికి పోవును. అతడు పగులగొట్టినదేమిటో మీరు చెప్పగలరా? నేను చెప్పలేను. వజ్రమైనను అట్లే పగిలియుండును.

ఈ పొరపాటు ఈనాటిది కాదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దములో రోమా గ్రంథకర్తయైన ప్లినీ, వజ్రమును దాగలిమీద పెట్టి కొట్టినయెడల సుత్తియే చెడును గాని వజ్రము చెడదని వ్రాసెను. ఎంతో విద్య గలవాడు వ్రాసిన మాట గనుక తరతరములు దానిని నమ్మిరి. తుదకు 1563వ సంవత్సరమున గోవాలో నివసించిన గార్సియా ద ఓర్తా అను పోర్చుగీసు వైద్యుడు, అది అబద్ధమనియు వజ్రము సుత్తికి సులభముగా పగులుననియు తన గ్రంథములో ప్రకటించెను. ఈ నడుమ ఎన్ని మంచి రాళ్లు “దొంగరాళ్లు” అను తీర్పు పొంది పొడియైపోయినవో ఎవరును లెక్కపెట్టలేదు. పొడియైన రాయి తన పక్షమున సాక్ష్యము చెప్పదు గదా.

పొరపాటు ఎక్కడ జరిగినదో చూడుడి. రెండు వేరువేరు గుణములను మనము ఒకటే అనుకొనుచున్నాము. గీతపడకుండుట ఒక గుణము. పగులకుండుట మరియొక గుణము. 1812లో మోస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు పది ఖనిజములను వరుసగా పేర్చి, ఏది దేనిని గీయగలదో నిర్ణయించెను. అందులో పలుగురాయి 7వది, పుష్యరాగము 8వది, కెంపు నీలములు పుట్టు కురువిందము 9వది, వజ్రము 10వది. వజ్రమును గీయగలిగినది మరియొక వజ్రమే. గీయుటకు మిక్కిలి కఠినమైన మొన కావలెనని పూర్వికులకును తెలియును. యిర్మీయా గ్రంథములో అట్టి మొన పేర్కొనబడినది. అది వజ్రమేనో, కురువిందమో అని పండితులు తర్కించుచుందురు. అది అట్లుండనిండు.

అయితే ఇంత కఠినమైన వజ్రమునకు లోపల చీలిపోవు దారులు నాలుగు దిక్కులుగా ఉన్నవి. వంటచెరకు కొట్టువాడు నార ఎటు పోవుచున్నదో చూచి గొడ్డలి వేసినట్లు, ఆ దారి వెంబడి దెబ్బ పడినయెడల వజ్రము చీలిపోవును. 1905లో దక్షిణాఫ్రికాలో దొరికిన కల్లినన్ వజ్రము 3,106 క్యారట్లు, అనగా ఇంచుమించు 621 గ్రాములు తూగెను. 1908లో ఆమ్‌స్టర్‌డామ్ పనివారు దానిపై చిన్న గాడి చేసి, ఉక్కు బద్దను ఆనించి, దెబ్బ వేసి దానిని రెండు చేసిరి. మరియొక వైపు జేడ్ అను పచ్చని రాయి ఉన్నది. వజ్రముతో పోల్చినయెడల అది మెత్తనిది. పలుగురాయి దానిని గీయును. అయినను దాని లోపలి పోగులు నేసినట్లు అల్లుకొనియుండుటచేత దానిని పగులగొట్టుట మహా కష్టము. సుత్తిని నమ్ముకొన్నవాడు జేడ్ రాతిని గద్దెనెక్కించి వజ్రమును పెంటమీద పారవేయును.

మరి మంచి కంసాలి ఏమి చేయును? అతడు రాతిని కొట్టడు. మొదట నోటి ఆవిరి ఊదును. గాజుమీద ఆ మసక కొంతసేపు నిలుచును; వజ్రము వేడిని త్వరగా లాగివేయునది గనుక దానిమీద వెంటనే ఆరిపోవును. తరువాత తూచును. రాతిని ఒకసారి గాలిలోను, ఒకసారి దారముతో నీటిలో వ్రేలాడదీసియు తూచినయెడల, గాలిలో 7 పాళ్లు తూగిన వజ్రము నీటిలో 5 పాళ్లే తూగును. 7 పాళ్ల పలుగురాయి అయితే నీటిలో 4 పాళ్లకు కొంచెము పైగా తూగును. రాతికి నీరు తగిలినది, అంతే. దానికి ఏ హానియు లేదు.

ఆ పిమ్మట అతడు దానిని వెలుగులో పెట్టును. నీళ్లకుండలో ముంచిన కర్ర వంగినట్లు కనబడుట మీరెరుగుదురు. వెలుగు గాలినుండి నీటిలోనికి పోవునప్పుడు దాని వేగము తగ్గి దారి వంగును. వజ్రములో ఆ వేగము సగముకన్నను తక్కువకు పడిపోవును: సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోవు వెలుగు అక్కడ 1 లక్ష 24 వేల కిలోమీటర్లు మాత్రమే పోవును. అంతగా వంగిన వెలుగు, సరిగా సానపట్టిన వజ్రములోనికి పైనుండి వచ్చి, అడుగున జారిపోలేక, గోడకు తగిలిన బంతివలె మరలి పైకే వచ్చును. ఆ మెరుపు అదియే. గాజును అదే రూపమున సానపట్టినను చాలమట్టుకు వెలుగు అడుగునుండి కారిపోవును. కెంపు సంగతి మరియొక విధము. దానిని ఒక వైపునుండి చూచిన ఊదా కలిసిన ఎరుపును, మరియొక వైపునుండి చూచిన నారింజ కలిసిన ఎరుపును కనబడును. ఎర్రగాజుకు ఎటు త్రిప్పినను ఒకటే ఎరుపు. ఇంగ్లండు కిరీటము ముందుభాగమున పొదిగిన పెద్ద ఎర్రరాతిని శతాబ్దములపాటు కెంపు అని పిలిచిరి. అది కెంపు కాదు, స్పినెల్ అను వేరు జాతి రాయి. ఆ సంగతి తెలిసిన తరువాత కూడ దానిని ఊడదీసి పారవేయలేదు.

ఇంకొక మాట. కంసాలి భూతద్దముతో లోపలి మచ్చలు కూడ చూచును. 1902లో వెర్న్యూయ్ అను ఫ్రెంచివాడు కొలిమి మంటలో కెంపులు చేయు విధము ప్రకటించెను. అవియు కురువిందమే, తూకమును రంగును ఒకటే. అయితే వాటి లోపల వంపు గీతలుండును. భూమిలో పుట్టినదానికి తిన్నని గీతలును, పట్టుదారములవంటి సన్నని సూదులును ఉండవచ్చును. గనుక ఏ మచ్చయు లేని పెద్ద కెంపు చౌకగా వచ్చినయెడల తెలిసినవాడు సంతోషించడు, సందేహించును. మచ్చ చూచి పారవేయువాడు తన నిధిని తానే పారవేసికొనును.

ఇక్కడ మీరొక ప్రశ్న అడుగవచ్చును. “అయ్యా, అట్లయితే ఎవరినిగాని దేనినిగాని పరీక్షింపకూడదా? గాజును కెంపని అమ్మి బీదవాని కష్టార్జితము దోచుకొనువారు లేరా?” ఉన్నారు. పరీక్షింపవలెను. పరీక్షింపకుండుట దయ కాదు, బద్ధకము. నీటిలో తూచువాడు సుత్తి పట్టినవానికన్న మెత్తనివాడు కాడు. మామూలు గాజుముక్క అతని త్రాసును మోసగించలేదు. భేదమెక్కడ ననగా, అతని పరీక్ష తీరిన తరువాత రాయి యథాప్రకారము మిగిలియుండును. మనుష్యుల విషయములో మనము ఏ పరీక్షను ఎన్నుకొనుచున్నాము? “తప్పు చేయనివాడు తడబడడు, పదిమందిలో నిలువబెట్టి అడుగుడి” అను మాట మన ఊళ్లలో వినని వారెవరు? నేనును దానిని నమ్మినవాడనే.

క్రొత్తగా పాదిరిగా వచ్చిన దినములలో, ఒక ఊరిలో సంఘపు లెక్కలలో 1,840 రూపాయలు తక్కువ పడెను. డబ్బు దాచువాడు ఒక దర్జీ. నాకన్న ఇరువది యేండ్లు పెద్ద. పుస్తకములు, రసీదులు ముందు పెట్టుకొని కూర్చుండిన అరపూట పని. నేను అది చేయలేదు. ఆరాధన ముగిసిన తరువాత అందరి యెదుట ఆయనను నిలువబెట్టి నేనే అడిగితిని. మొదట ఒకటి చెప్పెను. రెండవసారి మరియొకటి చెప్పెను. మూడవసారి ఆ రెంటికిని పొసగనిది చెప్పి, చెమట తుడుచుకొని, “నేనే కట్టుకుంటానండి” అనెను. నేరము ఒప్పుకొన్నాడని మేము ఇండ్లకు పోతిమి. ఆయన కుట్టుమిషను అమ్మి ఆ సొమ్ము కట్టెను.

నాలుగు నెలల తరువాత నా సొంత పుస్తకములో మడతపెట్టిన కాగితమొకటి బయటపడెను. కప్పు రేకులకు నేను పుచ్చుకొన్న 1,840 రూపాయలకు నా చేవ్రాలుతోనే వ్రాసిన చీటి అది. సంఘము ముందు ఆ సంగతి చెప్పితిని. అప్పటికి ఆయన కూతురి ఊరికి వెళ్లిపోయెను. సొమ్ము పట్టుకొని నేను అక్కడికి పోతిని. అరుగుమీద కూర్చుండి చేతిసూదితో ఎవరిదో చొక్కా కుట్టుచుండెను. లేచి చాప వేసెను, మజ్జిగ తెప్పించెను. ఆనాడు మీరెందుకు అట్లు మాట మార్చితిరి అని నేనడుగగా, “అంతమంది చూస్తుంటే నాకు నా పేరే తోచలేదండి అయ్యగారూ” అనెను.

డబ్బు ఆయన చేతిలో పెట్టితిని. చూడకయే గూటిలో పెట్టెను. లెక్కపెట్టుకొనండి అంటిని.

“మీరు లెక్కపెట్టారు గదండీ” అని ఆయన మరల సూది అందుకొనెను.