వాన చేసిన పని

ధ్యానమునకు: 2 సమూయేలు 11, 12 అధ్యాయములు, ద్వితీయోపదేశకాండము 22:8



మన సంఘస్థుడైన తాపీమేస్త్రి ఒకడు హైదరాబాదు పాతబస్తీలో పనిచేయుచు, పండుగకు ఊరికి వచ్చి మమ్మును ఒక ప్రశ్న అడిగెను. చార్మినారు అవతల ఒక సందులో పాత దేవిడీని ఒకాయన కొనెను. అది ప్రభుత్వమువారి వారసత్వ కట్టడముల జాబితాలోని యిల్లు. అనుమతి లేక కూల్చరాదు, రూపు మార్చరాదు. యజమాని మేస్త్రితో, "గోడకు గునపము తగిలించకుము. మిద్దెమీది తూములు మాత్రము మూసివేయుము. తక్కినది వాన చూచుకొనును" అనెను. కూలి రెట్టింపు, బయానా ముందే చేతిలో పెట్టెను. మేస్త్రి తూములు మూసి వచ్చెను. "అయ్యగారూ, నేను ఇల్లు కూల్చలేదు గదా, నాకు పాపమెట్లు వచ్చును?" అని అతని ప్రశ్న.

ముందుగా యజమాని కష్టమును తలంచుదము. ఆ కాలపు గోడలు గానుగ సున్నముతో కట్టినవి. వాటిపై సిమెంటు పూసినయెడల లోని తేమ బయటికి పోలేక పూత ఉబ్బి రాలిపోవును. సున్నపు పని తెలిసిన చేతులు నేడు అరుదు, ఖర్చు అధికము. కూల్చవద్దని చెప్పు నోళ్లు అనేకము, నిచ్చెన పట్టుకొను చేతులు కొద్ది. ఇది న్యాయమైన మొరయే. అయినను కట్టుబాటు తెలిసి యిల్లు కొన్నవాడు ఆ కట్టుబాటునుకూడ కొనెను.

ఇక మేస్త్రి మాట. దావీదు ఊరియాను తన చేతితో చంపలేదు. అమ్మోనీయుల కత్తి చంపెను. యోవాబు అతనిని యుద్ధము ముమ్మరముగా నున్నచోట నిలిపెను, అంతే. కాని నాతాను ప్రవక్త ఆ కత్తిని దావీదు చేతిలోనే పెట్టి చూపెను. ఇల్లు మనుష్యునితో సమానము కాదు, నిజమే. అయితే ఇరుకు సందులో గోడ కూలినప్పుడు దానిక్రింద ఎవరు నడుచుచుందురో ఎవరికి తెలియును? ఇంటి కప్పునకు పిట్టగోడ కట్టనివానిమీద రక్తాపరాధము నిలుచునని ధర్మశాస్త్రము చెప్పుచున్నది. అక్కడ యజమాని ఎవరిని త్రోయలేదు. చేయవలసినది చేయలేదు, అంతే.

చట్టమునకు చిక్కకపోతిమి గదా యని కొందరందురు. హైదరాబాదు పాత కట్టడములను కాపాడిన 13వ నిబంధనను 2015లో తొలగించిరి. 2017లో తెలంగాణ వారసత్వ చట్టము వచ్చెను. చట్టము పోయి వచ్చినట్లు మనస్సాక్షియు పోయి వచ్చునా?

బాగుచేయుట అసాధ్యము కాదు. ఏండ్ల తరబడి పాడుబడిన చౌమహల్లా ప్యాలెస్సును ఓర్పుతో బాగుచేసి 2005లో ప్రజలకు తెరచిరి. 2010లో యునెస్కోవారు దానిని గౌరవించిరి. అది నిజాము వంశీయుల ధనముతో జరిగిన పని, సామాన్యునికి చాలదందురా? తూము తెరచుటకు ఎవరి ధనమును అక్కరలేదు. ఆ యజమాని అనుమతి కోరి, లోపల తన అవసరమునకు మార్చుకొని, ముఖద్వారమును నిలుపుకొనవచ్చును. చేతకానియెడల చేయగలవానికి అమ్మవచ్చును. ఈ రెండును వెలుగులో చేయు పనులు.

మేము మేస్త్రితో, "నాయనా, నీవు మూసిన తూము నీవే తెరువుము" అంటిమి. బయానాలో సగము బిడ్డ ఫీజుకు ఖర్చయ్యెనని అతడు కన్నీరు పెట్టెను. అయినను వెళ్లెను. తూములు తెరచి, మిగిలిన సగము ఇచ్చి, తక్కినది రెండు నెలలలో తీర్చెను. ఆ పని అతనికి పోయెను. ఆ యిల్లు ఏమాయెనో మేమెరుగము.

ఆ రాత్రి వాన కురిసెను. మన గుడిలో బల్ల ప్రక్కన నీరు కారుచున్నది. ఆ పెంకు పగిలినదని మాకు పోయిన యేడే తెలియును. మరునాడు నిచ్చెన తెచ్చితిమి.