పొడుగు గ్లాసు

పగలు చేసే ఉద్యోగానికి అర్హత ఉందో లేదో తేల్చే పరీక్షకు రాత్రిళ్లు కూర్చుని మళ్లీ చదవడం మనిషిని నలిపే స్థితి. పుట్టపర్తి కేంద్రంగా ఉన్న శ్రీ సత్యసాయి జిల్లాలో, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ప్రాంతాల బడిపంతుళ్లకు ఆ పరీక్ష పేరు టెట్, అంటే ఉపాధ్యాయ అర్హత పరీక్ష.

2010 ఆగస్టు 23న జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) ఇచ్చిన నోటిఫికేషన్‌తో టెట్ తప్పనిసరి అయింది. అంతకుముందే డీఎస్సీ నియామక పరీక్ష నెగ్గి చేరినవారి జోలికి అది చాలాకాలం రాలేదు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పుతో లెక్క మారింది. పదవీ విరమణకు ఐదేళ్లకు మించి గడువున్నవారు రెండేళ్లలో టెట్ పాస్ కావాలి, లేదా ఉద్యోగం వదలాలి. పరీక్షలో 150 ప్రశ్నలు, 150 నిమిషాలు. ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 60 మార్కులు రావాలి.

హిందూపురంలో కాపురం, పెనుకొండ వైపు పల్లెలో బడి. అలాంటి ఒక ఉపాధ్యాయురాలికి ఇరవై ఏళ్ల సర్వీసు ఉంది. నాలుగు మార్కుల్లో టెట్ పోయింది. మర్నాడు ఆమె ఎప్పటిలాగే బడికి వెళ్లి రెండో తరగతికి తీసివేతలు చెప్పింది. ఆ లెక్కలు పిల్లలకు వచ్చాయి. పరీక్షలో ఓడిన మనిషే తరగతిలో గెలిచింది. ఈ రెండింటిలో ఏది నిజం? అసలు సందేహం ఇదే.

కష్టపడితే పాసవుతారు, తీరిక లేదనడం సాకు అనే మాటలు ఈ సందేహానికి సమాధానం కావు. పొద్దున ఇంటిపని, తర్వాత బస్సు, బడిలో పాఠాలు, యాప్‌లో హాజరు, మధ్యాహ్న భోజనం లెక్కలు. ఇవన్నీ ముగిశాక రాత్రి పదింటికి బిట్లు తెరిచే మనిషిని, రోజంతా కోచింగ్‌లో కూర్చున్న యువకుడిని ఒకే గడియారంతో కొలుస్తున్నారు. అక్కడ సగం పరీక్ష చదువుకు, మిగతా సగం తీరికకు.

ధర్మవరంలో పట్టుచీర నేసే చేతికి పరీక్ష లేదు, చీరకే ఉంది. మడత విప్పితే పోగు ఎక్కడ తప్పిందో కనిపిస్తుంది. పంతులు పనినీ అలాగే చూడొచ్చు కదా అనిపిస్తుంది. కానీ ఈ పోలిక ఎంతోదూరం రాదు. పిల్లవాడి మనసులో తెగిన పోగు ఆ ఏడాదే బయటపడదు. పదేళ్ల తర్వాత బయటపడినా ఎవరి చేతిలో తెగిందో ఎవరూ చెప్పలేరు. పనిని విప్పి చూడలేరు కాబట్టే పనివారిని పరీక్షిస్తున్నారు. అంతవరకు పరీక్ష పక్షాన న్యాయం ఉంది.

మళ్లీ రాయడానికి చదువుతున్న రోజుల్లో ఆ ఉపాధ్యాయురాలికి శిశు వికాసం పుస్తకంలో మనస్తత్వవేత్త పియాజే పాఠం వచ్చింది. రెండు నుంచి ఏడేళ్ల వయసు పూర్వ ప్రచాలక దశ. ఆ వయసు పిల్లలకు పాత్ర ఆకారం మారితే అందులోని నీళ్లు కూడా పెరిగినట్టో తగ్గినట్టో కనిపిస్తుంది. దాన్ని పదిలపరచుకొనే భావనాలోపం అంటారు. మొదటిసారి చదివినప్పుడు ఆమె ఆ పేరును బట్టీపట్టింది. రెండోసారి ఆ పేజీ దగ్గర ఆగిపోయింది.

కొన్నేళ్ల కిందట బడిలో రాగిజావ పోస్తున్నారు. ఒకటో తరగతి పిల్లవాడికి వెడల్పు గిన్నెలో, పక్కవాడికి పొడుగు గ్లాసులో పోశారు. ‘వానికే జాస్తి పోసినారు టీచర్’ అని వాడు ఏడుపు అందుకున్నాడు. ఆమె గిన్నెలోని జావను అలాంటి గ్లాసులోకే వంపి, రెండూ సమానమేనని చూపించింది. తిరిగి గిన్నెలో పోయగానే వాడు మళ్లీ అదే మాట అన్నాడు. మొండితనం మానుకోమని ఆమె గద్దించింది. వాడు తలవంచుకుని తాగాడు. ఆ తర్వాత చాలా రోజులు వాడు ఆమెను ఏదీ అడగలేదు.

వాడిది మొండితనం కాదు, వయసు. వాడి కంటికి ఆ గ్లాసులో నిజంగానే ఎక్కువ ఉంది. ఇన్నేళ్ల అనుభవం చెప్పని సంగతిని ఒక పేజీ చెప్పింది. అనుభవమే గురువు అన్న నమ్మకం అక్కడ వీగిపోయింది.

అయితే పరీక్షే గెలిచిందా? ఆ దశ పేరు గుర్తించినందుకు టెట్ ఇచ్చేది ఒక్క మార్కు. ఏ పిల్లవాడినీ చూడకుండా బట్టీపట్టినవారికీ అదే మార్కు. మొదటిసారి ఆమెకు తెలిసిందీ ఆ పేరు వరకే. మార్కు రెండుసార్లూ ఒకటే, తెలివిడి మాత్రం వేరు. మరి పరీక్ష లేకపోతే ఆమె ఆ పుస్తకం తెరిచేదా? బహుశా తెరిచేది కాదు. ఇక్కడ వాదం ముందుకు సాగదు. పరీక్ష ఆమెను పుస్తకం దాకా నడిపించింది, కానీ ఆమె అందులో ఏం చదువుకుందో కొలవలేకపోయింది.

అందువల్ల చెప్పగలిగింది ఒక్కటే. పంతులు మళ్లీ చదవాలని అడగడం న్యాయం. చదవడానికి గంట కూడా ఇవ్వకుండా మార్కులు అడగడం అన్యాయం. నాలుగు మార్కులు తగ్గడాన్ని అసమర్థత అనడం, గ్లాసు పొడవు చూసి జావను లెక్కగట్టడమే. ఆరేళ్ల పిల్లవాడు అలా చూస్తే అది వయసు. ప్రభుత్వం అలా చూడకూడదు. గడువు విధించినవారు ఆ గడువులోనే, బడివేళల్లోనే, వారానికి కొన్ని గంటలు చదువుకు కేటాయించాలి.