వేపపువ్వుకు బదులు

ఉగాది పచ్చడిలో వేపపువ్వు వేయకపోతే ఏమవుతుంది? ఈ చర్చ మన బెంటన్‌విల్‌లో ఏటా పుడుతుంది. ఆర్కన్సా చలికి వేపచెట్టు బతకదు, నిజమే. కాని ఎండు పువ్వు పొట్లాలలో దొరుకుతూనే ఉన్నది. కాబట్టి చిక్కు దొరకకపోవడంలో లేదు. పిల్లలు ఉమ్మేస్తారని, వచ్చిన అతిథులు మొహం చిట్లిస్తారని మనమే మానేస్తున్నాము. మామిడికాయ, బెల్లం, అరటిపండు, కొబ్బరి మిగిలి, పచ్చడి కాస్తా ఫ్రూట్ సలాడ్ అయి కూర్చుంటున్నది.

అయితే మాత్రం తప్పేమిటి అనేవారి వాదన కొట్టిపారేయదగినది కాదు. ఒకదానికి బదులు మరొకటి ఇవ్వడం మన పూజలోనే ఉన్నది. ఆభరణం లేనప్పుడు అక్షతలు వేసి నమస్కరిస్తాము. బలికి బదులు గుమ్మడికాయ కొడతాము. దేవుడు ఏనాడూ అభ్యంతరం చెప్పినట్లు లేదు.

ప్రాచీన రోమనులదీ ఇదే పద్ధతి. క్రతువులలో నకలు అసలుగానే చెల్లుతుందని, దొరకని జంతువు స్థానంలో రొట్టెతోనో మైనంతోనో బొమ్మ చేసి అర్పిస్తారని వర్జిల్ కావ్యానికి వ్యాఖ్య రాసిన సెర్వియస్ చెప్పాడు. తిథి సంగతీ అంతే. 2024లో ఉగాది ఏప్రిల్ 9, మంగళవారం వచ్చింది. ఉద్యోగస్తులకు సంబరం శనివారమే కుదురుతుంది. రోములోనూ కొన్ని పండుగలకు స్థిరమైన తేదీ లేదు, ఏటా అధికారులో పురోహితులో ప్రకటించేవారు. కనుక శనివారం ఉగాదిని మేము తప్పుపట్టము.

ఇన్ని సడలింపులకు ఒప్పుకున్న ఆ రోమనులు తిండి దగ్గర మాత్రం మొండిపట్టు పట్టారు. క్రీ.పూ. 30 ప్రాంతాన రోముకు వచ్చిన గ్రీకు చరిత్రకారుడు డయొనీసియస్ అక్కడి నైవేద్యాలను కళ్ళారా చూశాడు. పాత కొయ్యబల్లల మీద, బుట్టలలో, చిన్న మట్టిపళ్ళేలలో బార్లీ రొట్టె, పిండివంటలు, మొదటి పంట పండ్లు! మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న దేశాలన్నీ ఏలుతున్న నగరం ఇది, బంగారు పళ్ళేలకు కరువా? జూన్ 1న కార్నా అనే దేవత పండుగ. ఆనాడు చిక్కుడు జాతి గింజలు, ఫార్ అనే పాతకాలపు గోధుమ, పంది కొవ్వు తినేవారు. ఆమె పాత దేవత, తనకు అలవాటైన తిండే కోరుతుంది, పరదేశపు రుచులు అడగదు అన్నాడు ఒవిడ్ కవి. నెమలిలో ఈకలు తప్ప మరేమీ జనానికి నచ్చని కాలమట అది. ఆయన నాటికి నెమలిమాంసం ధనికుల విందులకెక్కింది.

మా ఊహ ఇది: కార్నాకు పాత తిండి కావాలో లేదో గాని, రోమనులకు కావలసివచ్చింది. తాతలు తిన్నది ఏడాదికొకసారైనా నోట్లో పడాలి. దేవుని ముందు పెట్టేదానికి నకలు సరిపోతుంది, నాలుకకు సరిపోదు. నాలుక మీద చేదు ఉంటే ఉన్నది, లేకపోతే లేదు.

ఈ లెక్కన గుమ్మానికి మామిడాకు తోరణం లేదని బెంగ అక్కరలేదు. ఈ బెంటన్ కౌంటీ ఒకప్పుడు ఆపిల్ తోటలకు పేరుపొందినది, ఆపిల్ పువ్వు 1901 నుంచి ఆర్కన్సా రాష్ట్రపుష్పం. ఆ కొమ్మ కట్టుకోండి, ఇంటికి కళ వస్తుంది. వేపపువ్వు బొత్తిగా దొరకని ఏడు చిటికెడు మెంతిపొడి వేసినా మాకు అభ్యంతరం లేదు. చేదు మిగిలింది గదా! అసలేమీ వేయకపోవడమే మాకు మింగుడుపడనిది.

పసివాళ్ళకు చేదు పెట్టడం ఎందుకండీ అంటారు తల్లులు. ఆ జాలి మాకు తెలుసు. వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం ఉన్న ఈ ఊరికి మనలో చాలామందిమి ఉద్యోగం కోసమే వచ్చాము. హెచ్-1బి వీసా మీద ఉన్నవారికి ఆ ఉద్యోగం పోతే మిగిలేది మహా అయితే 60 రోజుల గడువు. ఆ రోజులలో తండ్రి పొద్దున్నే మామూలుగా తయారై బయటికి పోతాడు, తల్లి వంటింట్లో గొంతు తగ్గించి మాట్లాడుతుంది. పిల్లలకు తెలియనివ్వలేదని ఇద్దరూ అనుకుంటారు. పిల్లలకు తెలుస్తూనే ఉంటుంది, అడగవచ్చునని మాత్రం తెలియదు. ఇంటిల్లిపాదీ ఒకేసారి, ఒకే గిన్నెలోనుంచి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ చేదు తినే రోజు ఏడాది మొత్తంలో ఇదొక్కటే. ఉమ్మేసిన పిల్లవాడికి కూడా అమ్మానాన్నలు అది మింగారని తెలుస్తుంది.

కనుక పచ్చడి పనికి పూనుకునే అక్కయ్యలకు, అన్నయ్యలకు ఒక మనవి. పిల్లలకు వేరే, పెద్దలకు వేరే అని రెండు గిన్నెలు పెట్టకండి. పువ్వు కొంచెమే వేయండి, అందరికీ అదే వడ్డించండి. మంచినీళ్ళు దగ్గరలో ఉంచితే సరి.