పురుగుకి పేరుంది, ఆమెకి లేదు

మరియా సిబిల్లా మేరియన్ పేరు సాహిత్యం చదువుకున్న మనకి పెద్దగా పరిచయం లేదు. 1647లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టింది. పదమూడేళ్ళ వయసులో పట్టుపురుగుల్ని పెంచి, వాటి మార్పుల్ని గమనించడం మొదలుపెట్టింది. పురుగులు బురదలోంచీ కుళ్ళులోంచీ పుడతాయని చాలామంది నమ్ముతున్న రోజులవి. ఆమె మాత్రం గుడ్డు, గొంగళిపురుగు, ప్యూపా, సీతాకోకచిలుక అన్నీ ఒకే జీవి దశలని, ఆ పురుగు తినే మొక్కతో సహా ఒకే బొమ్మలో చూపించింది. తర్వాతి కాలంలో లినేయస్ రెక్కల్ని బట్టీ, ఫాబ్రీషియస్ నోటి భాగాల్ని బట్టీ కీటకాల్ని వర్గీకరించారు. మేరియన్ అడిగిన ప్రశ్న వేరు: ఇది ఏం తిని, ఎలా మారి, ఇలా అయింది?

1758లో లినేయస్ జీవజాతులకి లాటిన్ పేర్లు పెడుతూ, కొన్నింటికి ఆమె బొమ్మల్నే ఆధారంగా చూపాడు. చూసిన కళ్ళు ఆమెవి, పేరుపెట్టే అధికారం ఆయనది. ఇంతవరకూ మనకి అలవాటైన కథే. అయితే ఇక్కడితో ఆపేస్తే సగం నిజమే చెప్పినట్టు.

1699లో, 52 ఏళ్ళ వయసులో, భర్త నుంచి ఎప్పుడో విడిపోయిన మేరియన్ చిన్న కూతురితో కలిసి డచ్చివారి వలస సూరినామ్‌కి ఓడెక్కింది. చెరకు తప్ప మరేదీ పట్టని తోటల యజమానుల్ని ఆమె విమర్శించింది. అదే సమయంలో, అడవిలో ఆమెకి దారి కొట్టిందీ, పురుగుల్ని తెచ్చిచ్చిందీ, మొక్కల ఉపయోగాలు చెప్పిందీ బానిసలూ స్థానిక ఆదివాసులూ. 1705లో 60 చిత్రాలతో వచ్చిన పుస్తకంలో, మనం రత్నగంధి అని పిలుచుకునే పువ్వు పక్కన ఆమె ఒక సంగతి రాసింది. తమ పిల్లలు కూడా బానిసలు కాకూడదని అక్కడి స్త్రీలు ఆ గింజలతో గర్భం పోగొట్టుకుంటారని, ఈ మాట వాళ్ళే తనతో చెప్పారని. ఇంత పెద్ద నిజం చెప్పిన స్త్రీల పేర్లు మాత్రం పుస్తకంలో లేవు.

బహుశా అది రక్షణేమో కదా అనొచ్చు. గర్భం పోగొట్టుకున్న బానిసని యజమాని ఊరుకోడు. ఆ వాదనని నేను ఒప్పుకుంటాను. కానీ ఫలానా గొంగళిపురుగు ఫలానా ఆకు తింటుందని చెప్పినందుకు ఎవరికీ శిక్ష పడదు. వాళ్ళ పేర్లూ లేవు. 1701లో ఆమె తిరిగొచ్చినప్పుడు వెంట ఆమ్‌స్టర్‌డామ్‌కి వచ్చిన ఆదివాసీ స్త్రీ కూడా మనకి 'ఇండియన్ స్త్రీ'గానే మిగిలింది. పేరు చెప్పకపోవడం ఒకచోట దయ కావచ్చు. అన్నిచోట్లా అదే జరిగితే దాన్ని దయ అనలేం. అది, ఇంకొకరి జ్ఞానం మన చేతికి రాగానే మనదైపోతుందనే ధీమా.

ఈ మాట నేను తేలిగ్గా అనలేకపోతున్నాను. నా పరిశోధన కోసం నాట్ల పాటలు సేకరించినప్పుడు, ఒకావిడ దగ్గర పదకొండు పాటలు రాసుకున్నాను. సిద్ధాంత గ్రంథం అనుబంధంలో ఆమెని 'ఒక వృద్ధ వ్యవసాయ కూలీ' అని పేర్కొన్నాను. గోప్యత అనుకున్నాను. నిజానికి ఆమె, "నా పేరు రాసుకున్నవా బిడ్డా?" అని రెండుసార్లు అడిగింది. రాసుకున్నానన్నాను. నోటుబుక్కులో రాసుకున్నాను కూడా. అచ్చులోకి మాత్రం ఎక్కించలేదు.

మేరియన్‌కి దక్కాల్సిన చోటు కోసం వాదించే హక్కు మనకుంది. ఆ వాదన నిజాయితీగా ఉండాలంటే, ముందు మన అనుబంధాలు తెరిచి చూసుకోవాలి.